మేస్త్రమ్మ పురిటిగది

పొద్దున్నే కూతురు టీ పెట్టి తండ్రి ముందు ఉంచింది. అది అలాగే చల్లారిపోయింది. "మళ్లీ వేడి చేయనా నాన్నా?" అంటే "సరే" అన్నాడు. వేడి చేసి తెచ్చిందీ చల్లారింది. "పోనీ పారబోయనా?" అంటే దానికీ "సరే" అన్నాడు. తల్లి పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఏమడిగినా జవాబు అదే. తగాదా లేదు, అలక లేదు, ఏడుపు లేదు. సరే ఒక్కటే మిగిలింది.

ఆయన వడ్రంగి. ఇంటి ముందు భాగమంతా పనిశాల, వెనక రెండు గదులూ వంటిల్లూ కాపురం. తలుపులూ కిటికీలూ చేయడంలో ఆయన పనికి వంక పెట్టినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. భార్య ఆ పనిలో సగం. ఎక్కడికి కొలతకు వెళ్లినా టేపు ఒక కొస ఆయన చేతిలో ఉంటే రెండో కొస ఆవిడ చేతిలో ఉండేది. టేపు ఎంత పాతదంటే, కొసనుండే కొక్కెం ఎప్పుడో ఊడిపోయింది. కొత్తది కొనుక్కోమని ఎవరైనా అంటే, "ఇది కొలవడం మానేసిందా ఏం?" అనేది ఆవిడ. ఆవిడ ఉండగా అది మానలేదు.

కూతురు వేరే ఊళ్లో కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. వెంట్రుకవాసి తేడా కూడా పనికిరాని పని. దానికి తగ్గ మనిషే. గోడ మీద క్యాలెండరు కాస్త పక్కకు ఒరిగినా సరిచేయనిదే ఆమెకు అన్నం సయించదు. తల్లి కబురు విని వచ్చి, సెలవు మీద సెలవు పెట్టి ఉండిపోయింది. ఇన్నాళ్లలో ఆమె కంట ఒక్క చుక్క రాలేదు. పళ్ల డాక్టరు మత్తు సూది వేసిన చెంపలా ఉంది లోపలంతా. తాకితే తాకినట్టు తెలుస్తోంది, అంతే.

ఇక మూడో ప్రాణి మేస్త్రమ్మ. నల్లటి కుక్క. పనిశాల గుమ్మంలో కూర్చుని, వచ్చే చెక్కనూ పోయే చెక్కనూ వాసన చూసి గానీ పంపదని తల్లి దానికా పేరు పెట్టింది. ఆవిడ పోయిన రోజు వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఎక్కువై, పెరటి గేటు వేయాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. మేస్త్రమ్మ ఎటో వెళ్లి మర్నాడు తిరిగొచ్చింది. ఇప్పుడు నిండు పొట్టతో, అడుగులో అడుగు వేసుకుంటూ తిరుగుతోంది.

"ఇవాళో రేపో అన్నట్టుంది," అంది పశువుల డాక్టరమ్మ, ఆ పొద్దున వచ్చి దాని పొట్ట తడిమి చూసి. "చోటు సిద్ధం చేశారా?"

"ఎక్కడ చెయ్యాలండీ?" అంది కూతురు.

"అది ఎక్కడ గోకుతోందో అక్కడే. మీరు చూపించిన చోట అది పెట్టదు, అది చూపించిన చోటే మీరు సర్దాలి."

మేస్త్రమ్మ రెండు రోజులుగా మేడమెట్ల కింద గోకుతోంది. మూడు వైపులా గోడలున్న చిన్న చోటు అది. గాలి కొట్టదు, మరీ చీకటీ కాదు. డాక్టరమ్మ వంగి చూసి తలూపింది.

"బండ చల్లగా ఉంది. కింద చెక్క పలక వెయ్యండి. ముందు వైపు జానెడు ఎత్తున అడ్డు కట్టండి. గోడల వెంబడి ఒక కమ్మీ బిగించాలి. తల్లి ఒరిగి పడుకున్నప్పుడు పిల్ల గోడకీ దానికీ మధ్య నలిగిపోకుండా కమ్మీ కిందకి దూరుతుంది. ఒక్కటి మాత్రం చూసుకోండి. పలకకీ గోడకీ మధ్య సందు ఉండకూడదు. కళ్లు తెరవని పిల్లలు, వెచ్చదనం కోసం ఎటు పడితే అటు పాకుతాయి. కాలో తలో ఇరుక్కుంటే మనకి తెలిసేలోపే అయిపోతుంది."

"ఈయన వడ్రంగేనండీ," అంది కూతురు.

"ఇంకేం మరి," అంటూ డాక్టరమ్మ తండ్రి వైపు చూసింది. ఆయన "సరే" అన్నాడు. ఆ సరే వినగానే కూతురికి భయం వేసింది. దానికి కారణం ఉంది.

భార్య పోయాక ఆయన చేతికింద నుంచి మూడు పనులు బయటికెళ్లాయి. మూడూ తిరిగొచ్చాయి. బేకరీ వెనక తలుపు ద్వారబంధానికి వదులైంది. టైలరు షాపు కిటికీ రెక్కలు ఒకదాన్నొకటి అందుకోలేదు. ఎవరో కొత్త దంపతుల వంటింటి అలమర గోడకు ఆనలేదు. ఎవరూ గొడవపడలేదు. బేకరీ ఆయనైతే తలుపును తనే మోసుకొచ్చి, "తొందరేం లేదు మేస్త్రీ గారూ, మనసు కుదుటపడ్డాకే చూద్దాం," అని మెల్లగా చెప్పి వెళ్లాడు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది కూతురికి. తండ్రి చేతి పని చూసి జాలిపడిన మనిషిని ఆమె చూడటం అదే మొదలు.

అందుకే ఒక నిర్ణయానికి వచ్చేసింది. పనిశాల అద్దెకివ్వడం, తండ్రిని తనతో తీసుకెళ్లడం. తనుండే చోట కుక్కల్ని ఉంచనివ్వరు గనక, పిల్లలు పాలు మరిచాక మేస్త్రమ్మనూ వాటినీ ఎవరికైనా ఇచ్చేయడం. ఆ మాట తండ్రితో చెప్పింది. ఏమన్నాడో వేరే చెప్పనక్కర్లేదు.

డాక్టరమ్మ అటు వెళ్లగానే ఇటు నుంచి పిన్ని వచ్చింది, చంకలో ఒక పెద్ద మూటతో. తల్లికి చెల్లెలు. పక్క వీధిలో ఇస్త్రీ దుకాణం నడుపుతుంది. ఇస్త్రీ పెట్టె కాసేపైనా చల్లారుతుందేమో గానీ, ఆవిడ నోరు చల్లారదని తల్లి అంటూ ఉండేది.

"ఇదిగో, ఎవరూ తీసుకెళ్లని దుప్పట్లు. ఏళ్ల తరబడి బీరువాలో పడున్నాయి. బాలింతకి పనికొస్తాయి," అంటూ మూట దించింది. "ఏం బావా, తిన్నావా? తినలేదని మొహమే చెప్తోందిలే. అయినా అమ్మాయీ, ఇంట్లో మనిషి పోయి ఎన్నాళ్లయింది, అప్పుడే కుక్కకి పురుడు పోసే ఓపిక ఉందా మీకు? తోట కాపలాదారుని అడిగాను. తీసుకెళ్తానన్నాడు. ఇప్పుడే పంపేస్తే నీకు ఈ చాకిరీ తప్పుతుంది."

"ఈ స్థితిలో దాన్ని కదిలించకూడదు పిన్నీ. అయ్యాక చూద్దాం."

"అయ్యాక కళ్లు తెరిచి చూస్తాయి. అప్పుడు పంపడం ఇంకా కష్టం. నా మాట విను."

"విన్నాను."

"వినడం వేరు, వినిపించుకోవడం వేరు," అని పిన్ని ఒక దుప్పటి దులిపి మడత పెట్టడం మొదలుపెట్టింది. అక్క పోయిన తర్వాత ఆవిడ చేతులు ఖాళీగా ఉండటం ఎవరూ చూడలేదు.

కూతురు టేపు తెచ్చింది. తండ్రీ ఆమే మెట్ల కిందకి వంగారు. ఆమె టేపు కొసను గోడకు ఆనించి, కదలకుండా రెండు వేళ్లతో అదిమి పట్టుకుంది. బేకరీలోనూ టైలరు షాపులోనూ వంటింట్లోనూ కూడా ఇలాగే ఊపిరి బిగబట్టి పట్టుకుంది. తన వైపు నుంచి పొరపాటు వచ్చే ప్రసక్తే లేదు. అవతలి కొస దగ్గర తండ్రి అంకె చూశాడు. పెదవులు కదిలాయి. సుద్దముక్కతో చెక్క మీద ఏదో రాసుకున్నాడు. అడ్డంగా ఒకసారి, లోపలికి ఒకసారి. అంతే, లేచి పనిశాలలోకి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం దాకా రంపం చప్పుడు, ఆ తర్వాత చిత్రిక చప్పుడు. గుమ్మంలో నిలబడి చూసింది కూతురు. చూడటానికి అంతా మునుపటిలాగే ఉంది. ఉక్కు స్కేలు చెక్క మీద పెట్టి గీత గీశాడు. గీత మీదే కోశాడు. అంచుల్ని చిత్రిక పట్టి, పేడు గుచ్చుకుంటుందేమోనని అరచేత్తో ఒకటికి రెండుసార్లు తడిమి చూశాడు. ఆ చెయ్యి వణకలేదు. మనిషి మాత్రం అక్కడ లేడు. ఎవరో తాళం చెవి తిప్పి వదిలితే నడుస్తున్నట్టున్నాడు. తను కూడా అలాగే నడుస్తున్నానని ఆమెకు తెలుసు. ఆ లెక్కన ఆ ఇంట్లో కాస్తో కూస్తో బతికున్నది మేస్త్రమ్మ ఒక్కతే. అది పొట్టు కుప్ప పక్కన పడుకుని ఆయన చేసే ప్రతి పనీ చూస్తోంది.

పలక తెచ్చి మెట్ల కింద దించాడు. కుడి గోడకు జరిపితే ఎడమ వైపు సందు. ఎడమకు జరిపితే కుడి వైపు సందు. వెనక గోడ దగ్గరా అంతే. ముందు అడ్డు బల్ల గోడల మధ్య నిలబడక ఊగింది. మేస్త్రమ్మ దగ్గరికొచ్చి వాసన చూసింది. పలక మీద ఒక కాలు పెట్టి, అది కదలగానే తీసేసింది. వెనక్కి తిరిగి వెళ్లి వంటింట్లో బండల మీద పడుకుంది.

తండ్రి ఆ సందు వైపే చూస్తూ నేల మీద కూలబడ్డాడు.

"చెయ్యి పోయిందమ్మా," అన్నాడు. సరే కాని మాట ఆయన నోట వచ్చి చాలా రోజులైంది. "మీ అమ్మతోపాటే పోయింది. నువ్వన్నట్టే చేద్దాం. తాళాలు పిన్నికిచ్చెయ్. పనిముట్లు ఎవరికైనా పనికొస్తాయేమో చూడు. నీతో వచ్చేస్తాను."

కూతురు కోరుకున్నది ఇదే. ఇన్నాళ్లుగా ఆయన్ని ఒప్పించాలనుకుంది. అది అరచేతిలోకి వచ్చి పడితే సంతోషం కలగలేదు సరికదా, ఒళ్లు మండింది.

"అంతేనా? పనిముట్లు కూడా ఇచ్చేస్తావా? వద్దని ఒక్క మాట అనవా?"

"నువ్వే కదా అన్నావు."

"నేననడం సరే, నీకంటూ ఏమీ ఉండదా నాన్నా? టీ పారబోస్తానన్నా సరే, ఇల్లు ఖాళీ చేస్తానన్నా సరే. రేపు నిన్ను కూడా ఎవరికైనా ఇచ్చేస్తానంటే సరే అంటావా?"

"అమ్మాయీ," అంది పిన్ని.

"నువ్వుండు పిన్నీ. నేనిక్కడ ఎవరితో ఉంటున్నానో నాకు తెలియడం లేదు. అమ్మ ఒక్కత్తే పోయిందనుకున్నాను. ఇద్దరూ పోయారు."

తండ్రి తలెత్తాడు. "మరి నువ్వు?" అన్నాడు నెమ్మదిగా. "ఇల్లంతా కడిగావు. అలమరలు సర్దావు. డబ్బాల మీద మూతలు మార్చావు. మీ అమ్మ చెయ్యి తగిలిన వస్తువేదీ ఉన్నచోట ఉంచలేదు. ఒక్కసారి ఏడ్చావా?"

పిన్ని చేతిలో దుప్పటి సగం మడతలో ఆగిపోయింది.

అప్పుడే వంటింట్లోంచి గోకుడు మొదలైంది. మేస్త్రమ్మ బండల్ని గీకుతోంది, రొప్పుతోంది, తన పొట్ట వైపు తిరిగి చూసుకుంటోంది. గిన్నెలో అన్నం ముట్టనే లేదు. కూతురు థర్మామీటరు పెట్టి చూసింది. పొద్దుటి కంటే వేడి బాగా తగ్గింది. అలా తగ్గితే పురుడు దగ్గర పడినట్టేనని డాక్టరమ్మ చెప్పింది.

కోపం ఎక్కడిదక్కడే వదిలేసి ఆమె మెట్ల దగ్గరికి పరిగెత్తింది. ఆ సందు ఏదో ఒకటి పెట్టి మూసేయాలి. సంచిలోంచి తన చిన్న ఉక్కు స్కేలు తీసి, పలకను ఒక గోడకు జరిపి రెండో వైపు సందు కొలిచింది. సరిగ్గా అంగుళం. వెనక గోడ దగ్గర కొలిచింది. అదీ అంగుళమే. అడ్డు బల్లకు తగ్గింది కూడా అంతే. వెంట్రుకవాసి అటూ ఇటూ లేదు.

స్కేలు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. దుకాణంలో కొత్తగా చేరినవాళ్లకి ఆమే పని నేర్పుతుంది. అద్దాలు ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా అరిగితే అది చేతి తప్పు. అన్నీ ఒకే కొలతలో తప్పితే చేతినేమీ అనకూడదు, యంత్రంలో కొలత అమర్చిన చోట చూడాలి. ఎంతమందికి చెప్పిందో ఆ మాట.

"పిన్నీ, బేకరీ ఆయనకి ఫోన్ చెయ్యి. తలుపు ఎంత తగ్గిందో అడుగు."

"ఇప్పుడా? ఇక్కడ కుక్క నొప్పులు పడుతుంటే తలుపేంటే?"

"అడుగు పిన్నీ."

పిన్ని అడిగింది. ఫోను చెవి దగ్గర నుంచి తీయకుండానే చెప్పింది. "అంగుళమట."

కూతురు టేపు చేతిలోకి తీసుకుంది. కొస నుంచి అంగుళం దూరంలో, ఒకటి అనే అంకె ఉండాల్సిన చోట, రంగు పూర్తిగా చెరిగిపోయి లోపలి ఇనుము మెరుస్తోంది. బొటనవేలంత మేర. ఆ పక్కనే అడ్డంగా ఒక మడత గీత. పాత టేపు కదా అరిగిందనుకుంది ఇన్నాళ్లూ.

"నాన్నా, అమ్మ దీన్ని ఎలా పట్టుకునేది?"

"ఎలా ఏముంది, కొస పట్టుకునేది."

"కొసనేనా?"

తండ్రి టేపు అందుకున్నాడు. తల ఆలోచించే లోపలే వేళ్లు జవాబు వెతుక్కున్నాయి. "కొక్కెం ఊడాక ఆ కొస చితికిపోయింది కదా. దాన్ని వెనక్కి మడిచేసేది. మడిచి ఒకటి మీద వేలు పెట్టేది. ఇటు ఎంతొస్తే అందులో నేను ఒకటి తీసేసి…"

ఆగిపోయాడు. టేపు కొస వైపు చూశాడు. అది తిన్నగా, నున్నగా ఉంది.

"నేను సాపు చేశాను," అంది కూతురు. "వచ్చిన రెండో రోజో మూడో రోజో. వంకరగా ఉంటే చూడలేక, పటకారుతో నొక్కి సాపు చేశాను. మొదట్నుంచీ సరిగ్గా పట్టుకున్నాను నాన్నా. నువ్వు ఒకటి తీసేస్తున్నావని నాకు తెలియదు."

"నేనూ చెప్పలేదు," అన్నాడు తండ్రి. "మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదమ్మా. తను మడిచింది, నేను తీసేశాను. ఇన్నేళ్లలో దాని గురించి ఒక్క మాట అనుకోలేదు."

వంటింట్లో మేస్త్రమ్మ మూలిగింది. తండ్రి టేపు కొసను బొటనవేలితో వెనక్కి మడిచాడు. పాత మడత మీదే అది తేలిగ్గా ఒదిగింది.

"పట్టుకో," అన్నాడు.

కూతురు మెట్ల కిందకి వంగి ఆ మడతను గోడకు ఆనించింది. రంగు పోయిన చోట బొటనవేలు పెట్టింది. అక్కడ ఇనుము కొద్దిగా పల్లంగా ఉంది. వేలు అందులో అమరింది. తల్లి బొటనవేలు ఇంతే ఉండేదని, పొట్టిగా వెడల్పుగా ఉండే ఆ వేలే తనకూ వచ్చిందని చిన్నప్పుడు అందరూ నవ్వేవారు.

"నలభై ఒకటి," చదివాడు తండ్రి. "రాసుకునేది నలభై. ఇందాక ముప్పై తొమ్మిదే రాసుకున్నాను."

ఆమెకు వినపడలేదు. లోపల ఎక్కడో మత్తు వదిలింది. ముందు గొంతు నొప్పి పెట్టింది, తర్వాత పక్కటెముకలు. ఆ తర్వాత నోరు తెరిచి, చిన్నపిల్లలా ఏడ్చేసింది. ఏడుస్తూ గోడకు తల ఆనించింది. అమ్మ చెయ్యి తగిలిన చోటల్లా నువ్వు తుడిచేశావన్నాడు నాన్న. నిజమే. దీన్నొక్కదాన్ని తుడవడం చేతకాలేదు. పిన్ని లేవబోయింది. తండ్రి వద్దని సైగ చేశాడు. ఆయన కళ్లూ కారుతున్నాయి.

"ఏడువు తల్లీ, ఏడువు," అన్నాడు. "కొస మాత్రం వదలకు. లోపలి కొలత కూడా తీసుకోవాలి."

ఆమె వదలలేదు.

కొత్త పలక కోసే వ్యవధి లేదు. తండ్రి ఒక పక్కకూ వెనక వైపుకూ అంగుళం బద్దలు కోసి పలకకు మేకులు దిగ్గొట్టాడు. అడ్డు బల్లకూ ఒక ముక్క అతికించాడు. దించితే పలక గోడల మధ్య బిగుసుకుని కూర్చుంది. దుప్పటి అంచు దూర్చడానికి కూడా చోటు లేదు. గోడల వెంబడి కమ్మీ బిగించాడు. పిన్ని దుప్పట్లు పరిచింది, ముడతలు ఉంటే బాలింతకు గుచ్చుకుంటాయన్నట్టు అరచేత్తో సాపు చేస్తూ. కూతురు మేస్త్రమ్మ మెడపట్టీ విప్పి, గోరువెచ్చటి నీళ్లూ తువ్వాళ్లూ దగ్గర పెట్టింది. ఎవరూ పిలవకుండానే మేస్త్రమ్మ వచ్చింది. బద్దల్ని ఈ చివర నుంచి ఆ చివరదాకా వాసన చూసింది. పలక ఎక్కి, ఒక చుట్టు తిరిగి, ఇక అభ్యంతరం లేదన్నట్టు పడుకుంది.

సాయంత్రం ఎండ గుమ్మం దాటకముందే మొదటి పిల్ల వచ్చింది. తర్వాత ఒకదాని వెనక ఒకటి. తల్లి నాకుతుంటే తడి తడిగా మెలికలు తిరిగాయి. అన్నిటికంటే చిన్నది పాల వైపు పోకుండా వ్యతిరేక దిక్కున గోడ దాకా పాకింది. మేస్త్రమ్మ అటే ఒరిగింది. పిన్ని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. పిల్ల కమ్మీ కిందకి దూరి, గోడ వెంబడి జరుగుతూ వచ్చి, తల్లి తల దగ్గర తేలింది. పలకకూ గోడకూ మధ్య ఇరుక్కునే సందు ఎక్కడా లేదు. తండ్రి చేత్తో ఆ అంచంతా మరోసారి తడిమి చూశాడు.

"తోట కాపలాదారుకి ఏం చెప్పమంటావే?" అంది పిన్ని.

కూతురు తండ్రి వైపు చూసింది. "నాన్నా, నేను వెళ్లేటప్పుడు నాతో వస్తావా?"

ఆయన ముందు ఆ చిన్న పిల్లను జరిపి పాల దగ్గర పెట్టాడు. ఆమెకు గుండె దడదడలాడింది. ఇన్నాళ్లకు ఆ దడ తెలిసింది.

"రాను," అన్నాడు. "బేకరీ తలుపు చెయ్యాలి. ఆ కిటికీ కూడా. వీళ్లని వదిలి ఎక్కడికొస్తాను?"

"ఒక్కడివీ కొలతలెలా తీస్తావు?"

"నేను లేనూ?" అంది పిన్ని. "ఆ కొస నేను పట్టుకుంటాను. ఇస్త్రీ పెట్టె మొయ్యగలదాన్ని ఇనప రిబ్బను పట్టుకోలేనా?"

"పట్టుకుంటావు సరే," అన్నాడు తండ్రి, "మాట్లాడకుండా పట్టుకోగలవా?"

పిన్ని నవ్వబోయి, రెండు చేతులతో మొహం కప్పుకుంది. అక్క పోయాక ఆవిడతో ఆయన పరాచికమాడటం అదే మొదటిసారి.

కూతురు వంటింట్లోకి వెళ్లి టీ పెట్టింది. కళ్లు ఇంకా మండుతున్నాయి. ఏం వేసిందో, ఎంత వేసిందో చూసుకోలేదు. తండ్రి మెట్ల దగ్గరే కూర్చుని గ్లాసు అందుకున్నాడు. పొగలు కక్కుతుండగానే ఒక గుటక వేసి మొహం చిట్లించాడు.

"ఇదేం టీ అమ్మా?" అన్నాడు. "చక్కెర వేయలేదు."

ఆమె గ్లాసు తీసుకుని మళ్లీ వంటింట్లోకి వెళ్లింది. డబ్బా మూత తీసి నిలబడి, నవ్వుతూ ఏడ్చింది. తర్వాత రెండు చెంచాల చక్కెర వేసి, బాగా కలిపి, చల్లారకముందే తెచ్చి ఇచ్చింది.